పెళ్ళి సంబంధాల కంప్యూటరు

ఆ రోజుల్లో మా తిరువూరులో ఒకింటి సంగతి ఇంకో ఇంటికి చేరాలంటే మధ్యలో ఒక మనిషి ఉండి తీరాలి. ఆ మనిషెవరో కూడా ఊరందరికీ తెలిసే ఉండేది. పాలు పోసే ఆవిడో, బస్టాండు పక్కన టీ గ్లాసు పట్టుకుని పొద్దుటినుంచీ కూర్చునే ఫలానా పెద్దాయనో. ఆవిడ గుమ్మంలోకి వస్తే మాట మార్చేవాళ్ళం, ఆయన ఎదురుపడితే ఎండల గురించి మాట్లాడి తప్పించుకునేవాళ్ళం. అంతే తప్ప, నోరూ కాళ్ళూ లేకుండా మూలన కూర్చున్న ఒక వస్తువు మన గుట్టంతా ఊళ్ళు దాటించగలదని మాకెవరికీ తోచలేదు. నాకైతే అసలు తోచలేదు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయింది, పైన ఒక కంప్యూటరు కోర్సు కూడా చేశాను, ఆ సర్టిఫికెట్టుకి ప్లాస్టిక్ తొడుగు వేయించుకున్నాను. కంప్యూటర్ల గురించి నాకు తెలియనిది ఇంకేదైనా ఉంటే అది తెలుసుకోనక్కర్లేనిదేనని గట్టి నమ్మకంతో బతుకుతున్న రోజులవి.

గంపలగూడెం నుంచి నన్ను తిరువూరు రప్పించింది మా పెద్దమ్మ, అంటే అమ్మకి సొంత అక్క. పెద్దనాన్నకి బట్టల కొట్టు ఉండేది. వాళ్ళకి పిల్లల్లేరు. (ఆ మాట ఎవరైనా జాలిగా అంటే పెద్దమ్మ "ఎందుకు లేరూ, ఈ చుట్టుపక్కల పెళ్ళికానివాళ్ళంతా నా పిల్లలేగా" అనేది.) ఆవిడ ఇంటి ముందుగదిలో కూర్చుని పెళ్ళి సంబంధాలు చూసేది. మొదట చుట్టాలకి మాత్రమే చూసేది. తరవాత తెలిసిన వర్తకుల కుటుంబాలకీ, ఆ తరవాత నమ్మి వచ్చిన ప్రతివాళ్ళకీ చూడటం మొదలుపెట్టింది. ఎవరి వాళ్ళలో వాళ్ళకే అనుకోండి. మధిర నుంచీ సత్తుపల్లి నుంచీ కూడా మనుషులు వచ్చేవాళ్ళు. అలా రావడానికి కారణం ఒకటే. ఒకళ్ళ గుట్టు పెద్దమ్మ నోరు దాటి ఇంకొకళ్ళకి వెళ్ళదు. ఒకళ్ళ అమ్మాయి ఫోటో ఇంకొకళ్ళకి చూపించాలంటే ముందు ఆ అమ్మాయి తల్లిని అడిగేది. తల్లి సరేనంటే, "అమ్మాయిని కూడా అడిగి చెప్పు" అనేది. ఒకసారి ఒక ముసలావిడ మనవడి కోసం వచ్చి, కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు నటిస్తూ బల్ల మీద ఉన్న వేరే వాళ్ళ ఫోటో మీదికి వంగింది. పెద్దమ్మ ఆ ఫోటో మీద తమలపాకుల పళ్ళెం పెట్టేసి, "కళ్ళజోడు మీ తల మీదే ఉందండీ" అంది.

పని పెరిగాక పెద్దమ్మ కంప్యూటరు కొంది. దానితోపాటు నన్ను తెప్పించింది. ఫోటోలు స్కాన్ చెయ్యడం, వివరాలు టైపు చెయ్యడం, చదువుకున్న పిల్లల ఇళ్ళకి మెయిలు పంపడం నా పనులు. బెంగళూరులో ఉన్న పెళ్ళికొడుకులు తెరమీద మాట్లాడటానికని తెరపైన బొత్తాం అంత కెమెరా కూడా బిగించారు. మెయిలు పాస్‌వర్డు మాత్రం పెద్దమ్మే స్వయంగా, నన్ను గోడవైపు తిరగమని, ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేది. నేను గోడవైపు తిరిగి క్యాలెండరులో తిథులు చదువుకునేదాన్ని.

ఇంతవరకూ సవ్యంగానే ఉంది. పెద్దనాన్నే దీనిలోకి జాతకాలు తెచ్చారు. మా వీధిలో పంచాంగం తాతయ్య ఉండేవాడు. ఏ రెండు జాతకాలు తీసుకెళ్ళినా గంటసేపు లెక్కలు వేసి, కళ్ళు మూసుకుని, "కుదరదు" అనేవాడు. పెద్దనాన్నకి ఆయనంటే గిట్టదు. మధ్యాహ్నం భోజనానికి కొట్టు మూసి వచ్చినప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని అదీ ఇదీ తిప్పుతూ, ఒకరోజు ఎక్కడో ఉచితంగా దొరికే జాతకాల సాఫ్ట్‌వేరు పట్టుకున్నారు.

"ఇది చూడవే, అన్నీ ఇదే చెబుతుందట. తాతయ్యతో పనే లేదు. డబ్బులు కూడా అక్కర్లేదట" అన్నారు.

తెరమీద ఒక్కో పెట్టె వచ్చి ఏదో అడుగుతోంది. ఇంగ్లీషు బారెడు పొడుగుంది. "ఏమంటోందే?" అన్నారు పెద్దనాన్న. "మామూలేలెండి, యస్ కొట్టండి" అన్నాను నేను, ఒక్క ముక్క చదవకుండా. (చదివితే నాకు రాదని అనుకుంటారేమోనని.) ఆయన కొట్టుకుంటూ పోయారు. ఇంకేదో కూడా పెట్టమంటావా అని అడిగింది, యస్. యాంటీవైరస్ కాసేపు ఆపెయ్యనా అని అడిగింది, దానికీ యస్సే. మా ఇద్దరి మర్యాదకి అది కూడా ఆశ్చర్యపోయే ఉంటుంది.

సాఫ్ట్‌వేరు మాత్రం బాగా పనిచేసింది. ఏ రెండు జాతకాలు పెట్టినా దివ్యంగా కుదిరాయనేది. పెద్దనాన్న సంబరపడి తనదీ పెద్దమ్మదీ కూడా పెట్టి చూశారు. ఆ ఒక్కటీ కుదరలేదు. "దీన్ని నమ్మొచ్చు" అంది పెద్దమ్మ, తలెత్తకుండా బియ్యం ఏరుతూ.

ఆ తరవాత నెమ్మదినెమ్మదిగా కంప్యూటరు తీరు మారింది. మీట నొక్కితే తెరుచుకోవడానికి, నేను వెళ్ళి స్టవ్ మీద టీ పెట్టి వచ్చేంత సేపు పట్టేది. ఇంటర్నెట్ తెరిస్తే మేము పెట్టుకున్న పేజీ కాకుండా ఇంకేదో పేజీ వచ్చేది. పైన మాకు తెలియని పట్టీ ఒకటి వచ్చి కూర్చుంది. ఏమీ అడక్కుండానే ప్రకటనలు వచ్చి మీద పడేవి. గడియారం పక్కన రోజూ కనిపించే యాంటీవైరస్ బొమ్మ కనిపించడం మానేసింది. మేము దాన్ని ముట్టుకోనప్పుడు కూడా లోపల ఫ్యాను బుర్రున తిరిగేది, ఇంటర్నెట్ పెట్టె మీద లైట్లు గబగబా కొట్టుకునేవి. నెల సగం కాకుండానే నెట్ కోటా అయిపోయేది. ఇవన్నీ ఇప్పుడు ఎవరికైనా చెబితే వెంటనే అనుమానపడతారు. మేము అప్పుడు దుమ్మనుకున్నాం. పెద్దనాన్న కొట్టులోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి దాని మొహాన పెట్టారు. అది అలసిపోయిందేమోనని పెద్దమ్మ మధ్యమధ్య దాన్ని ఆపి పడుకోబెట్టేది. నేనైతే, "మెమొరీ ప్రాబ్లం" అన్నాను. ఆ మాట అంటే ఎవరూ తిరిగి ప్రశ్న వెయ్యరని కోర్సులో నేర్చుకున్నాను.

ఒకరోజు నేను టైపు చేస్తుంటే పెద్దమ్మ వెనకనించి వచ్చి నిలబడింది.

"ఆ కెమెరా పక్కన చిన్న లైటు వెలుగుతోందేమే?"

"దాని అలవాటే అంత పెద్దమ్మా."

"బెంగళూరు అబ్బాయితో మాట్లాడినప్పుడే వెలిగేది. ఇప్పుడు ఎవరితో మాట్లాడుతోంది?"

"ఎవరితోనూ కాదులే. వైరు లూజై ఉంటుంది."

పెద్దమ్మ నా సర్టిఫికెట్టుకి ఎదురు చెప్పలేదు. లోపలికి వెళ్ళి ఒక గులాబిరంగు జాకెట్టు ముక్క తెచ్చి కెమెరా మీద కప్పి, జారిపోకుండా పిన్నీసు పెట్టింది. "ఎవరూ లేకపోతే మంచిదే. ఉంటే మాత్రం ఇలా చూడటం మర్యాద కాదు" అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడకి కనపడకుండా చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వాను కూడా.

ఆ నవ్వు మధిర నుంచి ఫోను వచ్చేవరకూ ఉంది. మాట్లాడింది ఒక అమ్మాయి తల్లి. ఆవిడ గొంతులో కోపం లేదు, బెదురుంది. "ఏమండీ, మా అమ్మాయికి మీ దగ్గర్నుంచి మెయిలొచ్చిందట. ఇంకా ఫోటోలు కావాలనీ, ఫోన్ నంబరు పంపమనీ, తల్లిదండ్రులకి చెప్పనక్కర్లేదనీ ఉందట. మీరు అలా అడిగే మనిషి కారు గదా అని చేశాను" అంది. పెద్దమ్మ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నావైపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఆ మెయిలు పంపగలిగిన చేతులు ఇంట్లో నావి తప్ప ఇంకెవరివీ కావు.

"నువ్వు పంపావా?"

"లేదు పెద్దమ్మా."

"సరే" అంది. అంతే. రెండోసారి అడగలేదు. అడిగి, తిట్టి, ఒట్టేయించుకుని ఉంటే బాగుండేదనిపించింది. ఆ సాయంత్రంలోపు ఇంకో ఇద్దరు ఫోను చేశారు. మరుసటి రోజు పెద్దనాన్న కొట్టునుంచి మొహం వేలాడేసుకుని వచ్చారు. బస్టాండు దగ్గర ఎవరో అన్నారట, ఫలానా ఆవిడ ఆడపిల్లల ఫోటోలు అమ్ముకుంటోందని. పెద్దమ్మ ఆ రోజు అన్నం వడ్డించి తను తినకుండా కూర్చుంది. నేను పెరట్లోకి వెళ్ళి, నా గర్వం పక్కనపెట్టి, కోర్సులో నాకు సీనియరైన అక్కకి ఫోను చేశాను. హాస్టల్లో ఉన్నప్పుడు అందరం ఆవిణ్ణి హాస్టల్ అక్క అనేవాళ్ళం. విజయవాడలో కంప్యూటర్లు బాగుచేసే చోట పనిచేసేది.

నేను చెప్పిందంతా విని హాస్టల్ అక్క, "ముందు ఇంటర్నెట్ వైరు పీకెయ్. వెళ్ళి పీకి వచ్చి మాట్లాడు" అంది. పీకి వచ్చాను. "ఇప్పుడు విను. దాన్ని స్పైవేర్ అంటారు. వైరస్ లాగా దేన్నీ పాడు చెయ్యదు, పాడు చేస్తే నీకు తెలిసిపోతుందిగా. లోపల నక్కి కూర్చుని, నువ్వు కొట్టే ప్రతి అక్షరం, నీ తెరమీద కనిపించే ప్రతిదీ ఎవడికో పంపిస్తూ ఉంటుంది. మీ పాస్‌వర్డు వాడి చేతికి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆ కంప్యూటర్లో మార్చకు, కొత్తది కూడా వాడికి వెళుతుంది. వేరే కంప్యూటర్లో మార్చు. ఈమధ్య ఉచితంగా ఏమైనా ఎక్కించారా?"

"జాతకాలు" అన్నాను.

పాస్‌వర్డు మార్చడానికి పెద్దనాన్న స్నేహితుడి ప్రెస్సులో ఉన్న కంప్యూటరు దగ్గరికి వెళ్ళాం. అక్కడ చిక్కొచ్చింది. ఆ కీబోర్డు అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి, పెద్దమ్మకి వేలు పెట్టే చోటు దొరకలేదు. పాత పాస్‌వర్డు నాకు పైకి చెప్పక తప్పలేదు. అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, "నూజివీడు" అంది.

పెద్దనాన్న ఆశ్చర్యపోయారు. "నూజివీడులో మనకెవరున్నారే?"

"ఎవరూ లేరు. పెళ్ళికి ముందు వచ్చిన సంబంధం."

పాతికేళ్ళ పైచిలుకు కాపురంలో పెద్దనాన్న ఆ సంగతి వినడం అదే మొదలు. ఇంటికొచ్చాక, "ఏం చేసేవాడు?" అని మాత్రం అడిగారు. "ఊరికే గుర్తుండే మాట అని పెట్టుకున్నానండీ" అంది పెద్దమ్మ. ఆయన టేబుల్ ఫ్యాను తీసుకుని కొట్టుకి వెళ్ళిపోయారు.

ఆదివారం హాస్టల్ అక్క బస్సెక్కి వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చుని, ప్రోగ్రాముల జాబితా తీసి, జాతకాలతోపాటు అదే రోజున దిగిన ఇంకోదాన్ని వేలుపెట్టి చూపించింది. అది దాచుకున్న ఫోల్డరు ఎక్కడుందో వెతికి తెరిచింది. అందులో మేమున్నాం. బనీనుతో కూర్చుని సాసరులో టీ పోసుకుని ఊదుకుంటున్న పెద్దనాన్న. చెవిలో పిన్నీసు పెట్టి ఒక కన్ను మూసిన పెద్దనాన్న. పచ్చి మామిడికాయ ముక్క కొరికి మొహమంతా వంకర పెట్టిన నేను. ఆవలిస్తున్న నేను. గోడవైపు తిరిగిన నా జడ. ఒకచోట నుంచి అన్నీ గులాబిరంగు చీకటి, దాంట్లో ఒక పిన్నీసు నీడ. మొదట ముగ్గురం పగలబడి నవ్వాం. పెద్దనాన్నని పిలిచి చూపిద్దామనుకున్నాం కూడా. (ఆ మధ్యాహ్నాల్లో మా ఇంటికి ఫోటో తీసేవాళ్ళెవరూ రాలేదు. మమ్మల్ని ఉన్నదున్నట్టుగా తీసిన ఫోటోలు అవే.)

తరవాత అక్క ఇంకో ఫోల్డరు తెరిచింది. అందులో తెరమీద కనిపించినవన్నీ బొమ్మలుగా ఉన్నాయి. ఒక అమ్మాయి ఫోటో, పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా. ఇంకో అమ్మాయి. ఇంకో అమ్మాయి. తల్లులు రాసిన మెయిళ్ళు. మా నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియదు. అక్క బొమ్మలు జరుపుతూ పోతుంటే మధ్యలో నా ఫోటో కనిపించింది. కింద వివరాలున్నాయి. "పిల్ల తెలివైనది. కొంచెం మాట దురుసు. వంట నేర్పవచ్చు." ఆ తరవాతి బొమ్మలో అదే విషయాన్ని ఎవరో పెళ్ళికొడుకు ఇంటికి మెయిలు చేసినట్టుంది.

"ఇది నేను టైపు చెయ్యలేదే" అన్నాను.

పెద్దమ్మ కిటికీవైపు చూసింది. "నువ్వు మధ్యాహ్నం పడుకున్నప్పుడు నేనే కొట్టాను. ఒంటి వేలితోనే. వంట మాట తీసేద్దామనుకున్నాను, ఎలా తియ్యాలో తెలియలేదు" అంది.

హాస్టల్ అక్క ఆ పూటంతా కూర్చుంది. మాకు కావలసిన ఫోటోలూ వివరాలూ మాత్రం పరీక్షించి వేరే డిస్కులోకి తీసి, కంప్యూటరంతా తుడిచేసి, ఒరిజినల్ సీడీతో విండోస్ కొత్తగా ఎక్కించింది. రోజూ వాడుకోవడానికి ఒక అకౌంటు, కొత్త ప్రోగ్రాము పెట్టాలంటే మాత్రమే వాడే అకౌంటు ఇంకోటి చేసి, రెండోదాని పాస్‌వర్డు పెద్దమ్మకి ఇచ్చింది. "నా ఇంట్లో నాకే పర్మిషన్ లేదా?" అన్నారు పెద్దనాన్న. "లేదు బాబాయిగారూ, దాన్నే జాగ్రత్త అంటారు" అంది అక్క. అప్‌డేట్లు అడిగితే వాయిదా వెయ్యొద్దనీ, ఉచితమన్నదల్లా ఎక్కించొద్దనీ, పని లేనప్పుడు కెమెరా వైరు తీసెయ్యమనీ చెప్పింది. బస్సెక్కేముందు నన్ను పక్కకి పిలిచి, "ఇంగ్లీషు రాకపోతే డిక్షనరీ పెట్టుకుని చదువు. చదవకుండా యస్ కొట్టకు" అని మెల్లగా అంది. కోర్సులో మాకెవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

కంప్యూటరు బాగైంది గనక సంగతి ముగిసిందనుకున్నాం, పెద్దనాన్నా నేనూ. రాత్రి భోజనాల దగ్గర ఆయన అన్నారు: "ఎవరైనా అడిగితే, మిషను పాడైంది, బాగుచేయించాం, ఆ మెయిళ్ళు మావి కావు అని చెప్పు. సరిపోతుంది."

"అడిగినవాళ్ళకి సరే. అడగనివాళ్ళకి?" అంది పెద్దమ్మ.

"వాళ్ళకి తెలీదుగా."

"అదేనండీ నేననేది."

పెద్దనాన్న కంచం జరిపారు. "ఇంటింటికీ వెళ్ళి మీ పిల్ల ఫోటో పోయిందని చెబుతావా? రేపట్నుంచి మన గుమ్మం ఎవరైనా తొక్కుతారా?"

పెద్దమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, నా ఎదురుగా కూర్చుంది. "నీ ఫోటో కూడా పోయింది. నిన్నడక్కుండా పెట్టాను, నీకు తెలియకుండా పంపాను. అది ఎవడి చేతుల్లో పడిందో నాకు తెలియదు" అంది.

"నాకు తెలుసుగా పెద్దమ్మా. నీ పక్కనే కూర్చుని చూశాగా."

"నువ్వు చూడటం వేరు. నేను చెప్పాలి."

అలా మొదలుపెట్టింది నాతో. పొద్దున్నే షేరాటో ఎక్కి గంపలగూడెం వెళ్ళి మా అమ్మకి చెప్పింది. తరవాత ఒక్కో ఇల్లు. నేను వెంట ఉండాలి, ఎందుకంటే ఆ స్పైవేరు సంగతి అడిగితే చెప్పాల్సింది నేను. ఆ రోజుల్లో పెద్దమ్మ మీద నాకు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. చేజేతులా తన పని తనే పాడు చేసుకుంటోందనీ, పక్కన నా పరువు కూడా తీస్తోందనీ లోపల రగిలిపోయేదాన్ని. ఒకింట్లో మంచినీళ్ళిచ్చేవాళ్ళు, ఒకింట్లో గుమ్మంలోనే నిలబెట్టేవాళ్ళు. నెమలి అనే ఊళ్ళో గుడి దగ్గర కొబ్బరికాయల కొట్టున్న ఒక తల్లి, "మావాడి ఫోటో ఎవరో పట్టుకుపోయారా? పోనివ్వండి, ఇన్నాళ్ళకి ఒకళ్ళకి నచ్చింది" అంది. ఇంకొకాయన ఆసక్తిగా ముందుకి వంగి, "ఫారిన్ వాళ్ళయి ఉంటారా? అటునుంచి మంచి సంబంధమేదన్నా..." అని అడిగాడు. మధిరలో ఒక పెద్దాయన మాత్రం మేము చెప్పడం పూర్తయ్యేదాకా విని, లేచి, "ఇంకెప్పుడూ మా ఇంటికి రావద్దు" అని తలుపేసుకున్నాడు. పెద్దమ్మ ఆ మూసిన తలుపుకి నమస్కారం పెట్టి మెట్లు దిగింది.

నేను అన్నిటికంటే భయపడింది మా వీధి చివరి ఇంటికి. అది మిషను బాబాయిది. దర్జీ. వాళ్ళు ముస్లింలు. ఊళ్ళో స్కూలు పిల్లల యూనిఫారాలన్నీ ఆయనే కుట్టేవాడు. వాళ్ళమ్మాయి ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది, అందరం టీచరమ్మా అని పిలిచేవాళ్ళం. ఆ అమ్మాయి ఫోటో మాకిచ్చేటప్పుడు వాళ్ళమ్మ, మాకు పిన్ని, చాలాసేపు ఆలోచించింది. "మీరు గనక ఇస్తున్నానక్కా" అంది. మేము వెళ్ళేసరికి బాబాయి నీలం గుడ్డ కుడుతున్నాడు. పెద్దమ్మ కూర్చోకుండా నిలబడే చెప్పింది. మిషను ఆగింది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి సూది కిందనుంచి గుడ్డ తీసి మడతపెట్టాడు.

"మీ మీద కోపం కాదక్కా. కానీ ఆ ఫోటో నాకిచ్చెయ్యండి" అన్నాడు చివరికి.

పెద్దమ్మ సంచిలోంచి ఫోటో తీస్తుంటే లోపలి గది పరదా పక్కన నిలబడిన టీచరమ్మ, "ఆంటీ" అంది. అందరం అటు తిరిగాం. మొహం పాలిపోయి ఉంది. "అయితే ఆ మెయిలు మీరు పంపలేదా?"

"ఏ మెయిలమ్మా?"

"ఇంకా ఫోటోలు కావాలని వచ్చింది. మీరే అనుకుని పంపాను. నంబరు కూడా ఇచ్చాను." ఆ పిల్ల పరదా అంచు గట్టిగా పట్టుకుంది. "అప్పట్నుంచి ఎవరో ఫోను చేస్తున్నారు. నీ ఫోటోలు నా దగ్గరున్నాయి, నేను చెప్పినట్టు వినకపోతే మీ స్కూలుకి పంపిస్తానంటున్నాడు. నేనేదో తప్పు చేశాననుకున్నాను ఆంటీ. అబ్బాకి ఎలా చెప్పాలో తెలియలేదు."

బాబాయి మడతపెట్టిన గుడ్డ అలాగే పట్టుకుని లేచి నిలబడ్డాడు. కూతురి దగ్గరికి వెళ్ళాడు. తిడతాడేమోననుకున్నాను. "ఎన్నాళ్ళుగా అమ్మా?" అన్నాడు. "అన్నాళ్ళూ ఒక్కదానివే ఉన్నావా?" అన్నాడు. ఆ పిల్ల తండ్రి భుజమ్మీద తల పెట్టి ఏడ్చింది. పెద్దమ్మ అప్పుడు కూర్చుంది, నేలమీదే, గోడకి ఆనుకుని. నా లోపల అన్ని రోజులుగా రగులుతున్న కోపం ఆ గదిలోనే చల్లారిపోయింది. మేము ఆ గుమ్మం ఎక్కకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ అనుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలదు.

మరునాడు నలుగురం పోలీసు స్టేషనుకి వెళ్ళాం. అంతకుముందు మాలో ఎవరూ ఆ గేటు లోపలికి అడుగుపెట్టలేదు. అక్కడ రాసుకునే ఆయన పెన్ను తీసి, "ఏం పోయిందమ్మా?" అని అడిగాడు.

"ఏమీ పోలేదండీ, అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. కానీ ఎత్తుకుపోయారు" అంది పెద్దమ్మ.

ఆయన పెన్ను ఆపి మావైపు చూశాడు. నేను ముందుకి వచ్చి చెప్పబోయి, "మెమొరీ..." దగ్గర ఆగిపోయాను. టీచరమ్మే, పిల్లలకి పాఠం చెప్పినట్టు, మెయిలు ఎలా వచ్చిందో, ఫోను ఎప్పుడు వచ్చిందో, వాడు ఏమన్నాడో వరసగా చెప్పింది. ఆయన ఓపిగ్గా రాసుకున్నాడు. ఆ నంబరుకి అక్కణ్ణుంచే ఫోను చేసి గట్టిగా మాట్లాడారు. వాడెవడో, ఎక్కడివాడో చివరిదాకా తేలలేదు. ఫోన్లు మాత్రం ఆగిపోయాయి. బాబాయి ఫోటో తిరిగి తీసుకున్నాడు. పెద్దమ్మ రెండు చేతులతో ఇచ్చింది. తరవాత టీచరమ్మ నిఖా వేరే ఎవరో చూసిన సంబంధంతో జరిగింది. మేము వెళ్ళాం, కడుపునిండా తిన్నాం. పెద్దమ్మకి ఆ పెళ్ళిలో తన చెయ్యి లేదని కాస్త వెలితిగా ఉండేదేమో. పైకి అనలేదు.

పెద్దనాన్న అన్నట్టే జరిగింది. చాలా రోజులు మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. ముందుగది ఊడ్చి, కుర్చీలు తుడిచి, పెద్దమ్మ పొద్దుటినుంచీ కూర్చునేది. నేను ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకోవడం మొదలుపెట్టాను. పెద్దనాన్న, "నే చెప్పానా" అనే మాట నోటిదాకా తెచ్చుకుని మింగేసేవారు. ఆయన చేసిన గొప్ప పనుల్లో అదొకటి.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం సత్తుపల్లి నుంచి భార్యాభర్తలు వచ్చారు. మాకు బొత్తిగా తెలియనివాళ్ళు. గొడుగు మూస్తూ ఆయన గుమ్మంలోనే అడిగాడు: "కంప్యూటర్లో ఫోటోలు పోయాయని ఇంటింటికీ వెళ్ళి చెప్పింది మీరేనటగా?"

పెద్దమ్మ లేచి నిలబడింది. మాట పడటానికి తయారైనట్టు చీర కొంగు సర్దుకుంది. "నేనేనండీ" అంది.

ఆయన భార్యవైపు చూశాడు. ఆవిడ చేతిసంచి తెరిచి, కవరులోంచి ఒక ఫోటో తీసింది. "మా అమ్మాయండీ. మీ దగ్గరైతే ఉంచొచ్చనిపించింది" అంది.

నేను వంటింట్లోకి వచ్చేశాను. మంచినీళ్ళు తెస్తానని వచ్చి, బిందె పక్కన నిలబడి ఏడుపు ఆపుకోలేకపోయాను. అప్పుడే కొట్టు మూసి పెరటి గుమ్మంలోంచి వచ్చిన పెద్దనాన్న నన్ను చూసి కంగారుపడి, "ఏమైందే, ఎందుకేడుస్తున్నావు?" అన్నారు. ఇరవై రెండేళ్ళ పిల్లని, ఎందుకో నాకే చెప్పడం చేతకాలేదు. నోటికొచ్చింది అనేశాను: "కంప్యూటరు స్లోగా ఉంది పెద్దనాన్నా."

ఆయన గంభీరంగా తలూపి ముందుగదిలోకి వెళ్ళారు. వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టి, కంప్యూటరు వేసి, కాసేపు చూసి, తిరిగొచ్చి నా తలమీద చెయ్యి వేశారు. "బాగానే పనిచేస్తోందే తల్లీ. నువ్వు కాసేపు పడుకో" అన్నారు.